పువ్వు వాడటం చెట్టు చేసే పనే

శివరాత్రి జాతరకు మేళ్లచెరువు వెళ్లినవాళ్లు శంభులింగేశ్వర స్వామి గుడి దారిలో పూలబుట్టల వరస చూసే ఉంటారు. తెల్లవారుజామున బంతి, చామంతి, గులాబీ, కనకాంబరం కళకళలాడుతుంటాయి. ఎడ్ల పందాల దగ్గర జనం చిక్కబడే వేళకు బుట్ట అడుగు పూలు మెత్తబడతాయి. పొద్దున ఒక ధర, మధ్యాహ్నానికి అందులో సగం. మర్నాటికి అదే పువ్వును ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాళ్లుండరు.

"తెచ్చినప్పుడు మంచిగనే ఉంటయ్ సారూ. ఎండ ఎక్కేసరికి తల వాల్చేస్తయ్. నీళ్లు చల్లుతనే ఉంటం. చల్లినకొద్దీ ఇంకా నల్లబడతయ్" అంటుంది బుట్ట ముందు కూర్చున్న ఆమె. పక్కనే ఉన్న ముసలాయన నవ్వి, "తెంపినంక ఇంక పువ్వెక్కడిదే? చచ్చినదానికి నీళ్లు పోస్తే లేస్తదా?" అంటాడు.

ముసలాయన మాట వినడానికి బాగుంది గానీ నిజం కాదు. తెంపిన పువ్వు చచ్చినది కాదు. బుట్టలో ఉన్నంతసేపూ బతికే ఉంటుంది, ఊపిరి పీలుస్తుంది, దాచుకున్న చక్కెరను ఖర్చు పెడుతుంది. ఆ తర్వాత చస్తుంది. ఆ చావు కూడా తోట గోడ కూలినట్టు దానంతటది జరిగేది కాదు. పువ్వే ఒక పద్ధతి ప్రకారం, వరసగా, తన కణాలను తానే చంపుకుంటుంది. ఈ సంగతి తెలిస్తే పూలతోట రైతుకు కొన్ని గంటలు కలిసొస్తాయి. పూల బేరంలో కొన్ని గంటలంటే డబ్బే.

పందిరి విప్పినట్టు

పువ్వుకు రంగు రేకులు ఎందుకున్నాయో బడిపిల్లల పుస్తకంలోనే ఉంది. వాటి పేరే ఆకర్షణ పత్రాలు. తేనెటీగను, తుమ్మెదను పిలవడానికి చెట్టు వేసిన పెళ్లి పందిరి అనుకోండి. పందిరి వేయడానికి ఖర్చవుతుంది, నిలబెట్టడానికీ ఖర్చవుతుంది. రేకుల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, చక్కెర కరిగిపోతూనే ఉంటుంది. చుట్టాలు వచ్చి వెళ్లాక పందిరిని అలాగే ఉంచుకునే ఇల్లు ఉంటుందా? వాసాలు, గుడ్డలు, తాళ్లు విప్పి వేటికవి కట్టి ఇంటికి చేరుస్తారు. చెట్టు కూడా అదే చేస్తుంది. రేకులో ఉన్న మాంసకృత్తులను, కొవ్వులను, పిండి పదార్థాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, చక్కెరగా, అమైనో ఆమ్లాలుగా మార్చి, నాళాల గుండా అండాశయం వైపు, అంటే కాబోయే కాయ వైపు పంపుతుంది. నత్రజని, భాస్వరం కూడా అలాగే వెనక్కి మళ్లుతాయి. మనం బస్తాకు ఇంతని పెట్టి కొని పొలంలో చల్లే ఎరువు అది. చెట్టు దాన్ని రేకుతోపాటు నేలపాలు చేసుకోదు.

ఈ పని రేకులోని ఒక్కొక్క కణంలో ఎలా జరుగుతుందో చూద్దాం. రేకు కణం లోపల ఎక్కువ జాగాను నీటిసంచి లాంటి రిక్తిక ఆక్రమించుకుని ఉంటుంది. రంగు, పులుపు, చక్కెర ఎక్కువగా అందులోనే. గులాబీ ఎరుపు, లొట్టపీసు పువ్వు ఊదా రంగు ఈ సంచిలోని నీటికి ఉన్న రంగులే. ఆ సంచిలోనే దేన్నయినా కరిగించే ఎంజైములు కూడా కొన్ని ఉంటాయి. కణం పడుచుగా ఉన్నప్పుడు సంచి పొర గట్టిగా ఉండి వాటిని బయటికి రానివ్వదు.

ఆజ్ఞ అందగానే కణకేంద్రకంలో అప్పటిదాకా నిద్రపోతున్న జన్యువులు కొన్ని మేలుకుంటాయి. కొత్త ఎంజైములు తయారవుతాయి. కణం తన లోపలి సామానును చిన్న చిన్న మూటలుగా కట్టి రిక్తికలోకి తోస్తుంది. అక్కడ అవి కరుగుతాయి. తన్ను తాను తినే ఈ పనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆటోఫజీ. ఈస్టు కణాల్లో ఇది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒహ్సుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. కణం లోపల సామాను తగ్గేకొద్దీ రిక్తిక ఉబ్బుతుంది. చివరికి దాని పొర చిట్లుతుంది. లోపలి ఆమ్లం, ఎంజైములు ఒక్కసారిగా కణమంతా పరుచుకుని, మిగిలింది ఏదైనా ఉంటే దాన్నీ కరిగిస్తాయి. కణం చనిపోయేది అప్పుడే. పొరల్లో నీరు నిలవదు కనుక రేకు మెత్తబడుతుంది, ముడుచుకుంటుంది. చిట్లిన రిక్తికలోని పదార్థాలు గాలి, ఎంజైములు తగిలి గోధుమరంగుకు తిరుగుతాయి. వంకాయ కోసి గాలికి పెడితే నల్లబడటం మనకు తెలిసిందే కదా, మల్లెపువ్వు నల్లబడటం కూడా ఆ జాతిదే.

ఇది చెట్టు పూనుకుని చేసే పనే అనడానికి గట్టి రుజువు ఉంది. కణంలో కొత్త మాంసకృత్తుల తయారీని ఆపే మందు ఒకటి ప్రయోగశాలల్లో వాడతారు. దాన్ని పువ్వుకు ఎక్కిస్తే పువ్వు త్వరగా వాడాలి కదా అనుకుంటాం. జరిగేది తలకిందులు. చాలా పూలలో వాడటం ఆలస్యమవుతుంది. అంటే కణం చావాలన్నా ఓపికుండాలి, పని చేయాలి. పని ఆగితే చావూ ఆగుతుంది. (ఆ మందు విషం. తోటకు పనికొచ్చేది కాదు, ఎవరైనా తెచ్చి అమ్మజూపినా కొనకండి.)

రేకు లోపలి కణాల్లో చావు మొదలైన చాలాసేపటికి గానీ పై పొర కణాలు చావవు. ఐరిస్ అనే పువ్వులో దీన్ని సూక్ష్మదర్శిని కింద స్పష్టంగా చూశారు. పైకి పువ్వు నిగనిగలాడుతుంటుంది, లోపల అప్పటికే సగం ఇల్లు ఖాళీ. పొద్దున కొన్న పువ్వు రెండు గంటలకే జడలో వాడిపోయిందని అమ్మిన మనిషిని తిట్టుకుంటాం. ఆ మనిషికి కూడా లోపలి సంగతి తెలియదు మరి.

గ్రీకు మాటలో రాలే రేకు

కణం తన చావును తానే చేసుకోవడం పూలకే పరిమితం కాదు. తోకకప్పకు తోక పోయి కప్ప అవుతుంది చూశారా, ఆ తోక కణాలు కూడా ఆజ్ఞ ప్రకారమే చస్తాయి. 1972లో కెర్, విల్లీ, కరీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు జంతువుల్లో ఇలాంటి చావుకు "ఎపోప్టోసిస్" అని పేరు పెట్టారు. అది పాత గ్రీకు మాట. పువ్వు నుంచి రేకులు, చెట్టు నుంచి ఆకులు రాలడమని అర్థం. క్యాన్సర్ డాక్టర్లు ఈనాడు రోజూ వాడే మాట పూలరేకు నుంచి వచ్చిందన్నమాట. ఈ చావును నడిపించే జన్యువులను ఒక చిన్న పురుగులో పట్టుకున్నందుకు బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ దక్కింది.

అయితే జంతువు కణానికీ పువ్వు కణానికీ తేడా ఉంది. మన ఒంట్లో చచ్చే కణాన్ని పక్క కణాలు మింగేసి శుభ్రం చేస్తాయి. మొక్క కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. పక్కవాళ్లు లోపలికి రాలేరు, అందుకే దాని ఇల్లు అదే ఊడ్చుకుని పోవాలి. రేకు కణంలోని రిక్తికే ఈ ఊడ్చే పని చేస్తుందని 1971లో స్విట్జర్లాండ్‌లో మటీల్, వింకెన్‌బాఖ్ అనే ఇద్దరు మార్నింగ్ గ్లోరీ పువ్వు మీద పరిశోధించి రాశారు.

ఈ మార్నింగ్ గ్లోరీ మన కాలువగట్ల మీది లొట్టపీసుకు దగ్గరి చుట్టం. తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. కళ్లెదుటే ఒక్క పూటలో ముసలిదైపోయే పువ్వు కనుక ప్రయోగాలకు బాగా కుదిరింది. 2014లో జపాన్ వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు దీనిలో వాడటాన్ని నడిపించే ఒక జన్యువును పట్టుకున్నారు. దానికి "ఎఫెమెరల్ 1" అని పేరు. దాని నోరు నొక్కితే 13 గంటలకు వాడాల్సిన పువ్వు 24 గంటలు నిలిచింది. మార్నింగ్ గ్లోరీతో మనకేం పని అనుకోవచ్చు. గడియారం పువ్వు లోపలే ఉందని, దాన్ని వెనక్కి తిప్పవచ్చని దీంతో తేలింది.

ఆజ్ఞ ఇచ్చేదెవరు?

కొన్ని పూలకు వయసే ఆజ్ఞ. మందారం పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది, నీళ్లలో పెట్టినా అంతే. గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగా విచ్చి మధ్యాహ్నానికి మూసుకుంటుంది. సొరపువ్వు సాయంత్రం విచ్చి మర్నాడు వాడుతుంది. ఈ పాదులకు చేత్తో పుప్పొడి అద్దే రైతు ఈ వేళలు తెలుసుకోవాలి. గుమ్మడికి పొద్దున తొమ్మిది లోపు పని ముగించాలి. తేనెటీగలు తిరిగేది కూడా అప్పుడే కాబట్టి పురుగుమందు కొట్టేవాళ్లు సాయంత్రం దాకా ఆగాలి.

కొన్ని పూలకు పుప్పొడి అందడమే ఆజ్ఞ. కీలాగ్రం మీద పుప్పొడి పడగానే, చుట్టం వచ్చి వెళ్లాడు, ఇక పందిరి విప్పండి అని రేకులకు కబురు వెళుతుంది. ఆర్కిడ్, పెటూనియా, కార్నేషన్ పూలలో ఇది బాగా కనిపిస్తుంది. పుప్పొడి అందకపోతే ఆర్కిడ్ పువ్వు చాలా రోజులు ఎదురుచూస్తుంది. అందితే కొద్ది కాలానికే వాలిపోతుంది.

కబురు మోసేది ఇథిలీన్ అనే వాయువు. అరటిగెలను మూసిన గదిలో పెట్టి పొగ వేసి మాగబెట్టడం మన తాతల నుంచీ ఉంది. ఆ పొగలో పని చేసేదీ ఇథిలీనే. మాగిన అరటి, మామిడి తమంతట తామే దీన్ని వదులుతాయి. ఇది పూల మీద పని చేస్తుందని కనిపెట్టిన కథ కొంచెం తమాషాగా ఉంటుంది. వంద ఏళ్ల కిందట పెద్ద పట్టణాల్లో వీధి దీపాలు బొగ్గు నుంచి తీసిన గ్యాసుతో వెలిగేవి. గ్యాసు గొట్టాలు కారిన చోట చెట్లు ఆకులు రాల్చేవి. ఆ గ్యాసులో మొక్కలను ఇబ్బంది పెట్టేది ఇథిలీనేనని 1901లో రష్యాలో నెల్యూబోవ్ అనే ఆయన తేల్చాడు. అమెరికాలో చికాగో దగ్గర అద్దాల ఇళ్లలో పెంచే కార్నేషన్ పూలు ఉన్నట్టుండి ముడుచుకుని "నిద్రపోతున్నాయని" తోటలవాళ్లు గోల పెడితే, 1908లో క్రాకర్, నైట్ అనే శాస్త్రజ్ఞులు దానికీ ఇదే కారణమని చూపించారు. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక్క వంతు ఉన్నా చాలు, విచ్చిన పువ్వు ముడుచుకుపోతుంది.

ఇక్కడ మన బుట్ట దగ్గరికి వద్దాం. జాతరకు పోయే ఆటోలో ముందు అరటిగెలలు, వెనక పూలమూటలు వేస్తాం. గుడి ముందు దుకాణంలో మాగిన పండ్ల పక్కనే పూలు పెడతాం. ఊదొత్తుల పొగ, బీడీ పొగ, ఆగి ఉన్న లారీ వదిలే పొగ, వీటన్నిటిలోనూ ఇథిలీన్ ఉంటుంది. మల్లెకు, చాలా రకాల గులాబీలకు ఇది గిట్టదు. గులాబీ రేకులు వాడకముందే రాలిపోవడంలో కూడా ఇథిలీన్ చేయి ఉందని లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దేశవాళీ వాసన గులాబీల మీద చేసిన పనిలో తేలింది. రాలిన రేకు రాలినప్పుడు తాజాగానే ఉండటం గమనించే ఉంటారు. అక్కడ చావుకంటే ముందు కీలు విడిపోతుంది.

అన్ని పూలూ ఇథిలీన్ మాట వినవు. లిల్లీ, గ్లాడియోలస్ వంటివి దాన్ని పట్టించుకోవు. చామంతి, బంతి కుటుంబంలో కూడా చాలా పూల రేకులకు అది పెద్దగా ఎక్కదు. ఇది ఎందుకు చెబుతున్నామంటే, పువ్వు వాడకుండా ఆపుతుందని చెప్పి ఏదో ఒక "టానిక్" అమ్మేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఇథిలీన్‌ను అడ్డుకునే మందులు నిజంగానే ఉన్నాయి. వెండి లవణంతో చేసే ద్రావణాన్ని 1978లో హాలెండ్‌లో కార్నేషన్ పూలకు వాడి చూపారు. 1-ఎంసీపీ అనే వాయువుకు ఈ గుణం ఉందని అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు కనిపెట్టారు. మొదటిదానిలో వెండి నీటిలో కలిస్తే చేపలకు, నేలకు చెరుపు. రెండోది గాలి చొరని గదిలోనే పని చేస్తుంది, మన బుట్టలకు కాదు. పైగా బంతి, చామంతి వేసినవాళ్లకు ఆ మందులతో ఒరిగేదేమీ ఉండదు, వినని చెవిలో శంఖం ఊదినట్టే.

పత్తి పువ్వు ఎర్రబడితే కంగారొద్దు

సాగర్ ఎడమ కాలువ కింద కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు వరిదే రాజ్యం. వరి పువ్వుకు రేకులే లేవు, గాలే దాని తేనెటీగ. కనుక ఈ కథతో వరి రైతుకు పని లేదు. పత్తి, మిరప వేసినవాళ్లకు మాత్రం ఉంది.

అమెరికన్ పత్తి పువ్వు విచ్చిన రోజు మీగడ రంగులో ఉంటుంది. మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత ఎర్రబడి, ఎండి, ఊడిపడుతుంది. కొత్తగా పత్తి వేసినవాళ్లు దీన్ని చూసి తెగులనుకుని మందు డబ్బా పట్టుకుని బయల్దేరతారు. అక్కర్లేదు. పందిరి విప్పుతున్నారంతే. కింద చిన్న కాయ నిలిచి ఉంటే పని సవ్యంగా జరిగినట్టు. అక్కడి నుంచి దాదాపు 50 రోజులకు కాయ పగులుతుంది.

అదే పువ్వు విచ్చకుండా, రేకులు ఒకదానికొకటి అతుక్కుని గులాబీ మొగ్గలా ముడుచుకుని ఉంటే అది వాడటం కాదు. మన రైతులు గుడ్డిపువ్వు అనేది దాన్నే. లోపల గులాబీ రంగు కాయతొలుచు పురుగు రేకులను దారంతో అల్లుకుని కూర్చుంటుంది. అలాంటి పూలు ఏరి నాశనం చేయాలి. నూటికి పది పూలు అలా ఉన్నా, లింగాకర్షక బుట్టలో వరసగా మూడు రోజులు రోజుకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడినా మందు కొట్టాల్సిన స్థాయికి వచ్చినట్టే.

మిరపలో రేకులు వాడి రాలి, పిందె నిలిస్తే మంచిదే. రైతు గుండె గుభేలుమనేది పువ్వు తొడిమతో సహా రాలినప్పుడు. అది వేరే సంగతి. తొడిమ మొదట్లో సన్నని కీలు లాంటి చోటు ఉంటుంది. ఎండ దెబ్బ, నీటి ఎద్దడి, తామరపురుగు రసం పీల్చడం వంటి బాధలు తగిలినప్పుడు పువ్వు ఇథిలీన్ వదులుతుంది, దాన్ని పట్టి ఉంచే ఆక్సిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, కీలు దగ్గర కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. ఎన్‌ఏఏ మందు (ప్లానోఫిక్స్) 1 మి.లీ. 4.5 లీటర్ల నీటికి కలిపి కొట్టమనడం ఈ ఆక్సిన్‌ను అందించడానికే. మోతాదు మించితే ఆ మందే పూత రాలుస్తుంది, కనుక కొలిచి పోయాలి. బాధ పోకుండా ఈ మందు ఒక్కటే కొట్టినా లాభం లేదు. 2021-22లో కొత్త రకం తామరపురుగు తెలంగాణ మిరప తోటల్లో పూలలోకే దూరి తిన్నప్పుడు ఎంత ప్లానోఫిక్స్ కొట్టినా పూత నిలవకపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

బుట్టలో పువ్వును నిలబెట్టాలంటే

చెట్టు మీద ఉన్న పువ్వుకు విప్పిన సామాను పంపడానికి దారి ఉంది. తెంపిన పువ్వుకు ఆ దారి తెగిపోయింది. కణాలు మాత్రం అలవాటు ప్రకారం విప్పుతూనే పోతాయి. చక్కెర, అమైనో ఆమ్లాలు ఎక్కడికీ పోలేక కణాల్లోంచి బయటికి కారతాయి. బూజుకూ బాక్టీరియాకూ అంతకంటే విందు ఏముంటుంది? బుట్ట అడుగున జిగురు పట్టి వాసన కొట్టేది అందుకే. నిన్న మిగిలిన పూలను నేటి పూలలో కలపడం చాలామంది చేసే పొరపాటు. ఒక గుప్పెడు పాత పూలు బుట్టంతటికీ తెగులు, ఇథిలీన్ రెండూ అంటిస్తాయి.

వేడి రెండో శత్రువు. వేడి పది డిగ్రీలు పెరిగితే పువ్వు ఊపిరి వేగం రెండు మూడింతలవుతుంది, చక్కెర అంత వేగంగానూ హరించుకుపోతుంది. పూలను గోతాంలో కుక్కి రెండు గంటల తర్వాత మధ్యలో చేయి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. అది పూల సొంత వేడే. ఆ మూట మీద నీళ్లు చిలకరిస్తే ఉడకబెట్టినట్టవుతుంది గానీ చల్లబడదు. గుడి ముందు ఆమె చెప్పిన నల్లబడటం ఇదే. నీళ్లు పూల మీద కాదు, బుట్ట చుట్టూ కట్టిన గోనెపట్టా మీద చల్లాలి. వెదురుబుట్టలో అరటాకు పరిచి, పూలను అణచకుండా వదులుగా పోసి, పైన తడిపి పిండిన పలచని గుడ్డ కప్పితే చాలు. అరటాకుతో భయం లేదు, మాగిన అరటిపండుతోనే భయం.

కోత వేళ గురించి అందరికీ తెలిసినదే అయినా చెప్పాలి. ముందురోజు తోటకు తడి ఇచ్చి, మంచు ఆరాక ఎండ ఎక్కకముందు కోయాలి. బంతి, చామంతి మనకు ఒకే పువ్వులా కనిపించినా, వందల చిన్న పూలు కలిసిన గుత్తులు అవి. బయటి వరస ముందు విచ్చింది, అదే ముందు వాడుతుంది. మధ్యభాగం పూర్తిగా విచ్చేదాకా ఆగితే బయటి వరసకు వయసు మీరిపోతుంది. మల్లెను మొగ్గగానే తెంపుతాం కదా, అదే సూత్రం. మైలవరం వైపు మల్లెతోటల రైతులకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

కాడతో అమ్మే గులాబీ, లిల్లీ, గ్లాడియోలస్ పూలకు నీళ్లలో కాస్త చక్కెర కలపడం మంచిది. లీటరుకు 20 గ్రాములు చాలు. పులుపు కూడా కావాలి, నిమ్మ ఉప్పు చిటికెడు వేసినా సరే. మేళ్లచెరువు చుట్టుపక్కల నేల సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ వెలిసింది అందుకే. ఇలాంటి చోట బోరు నీరు క్షారం వైపు మొగ్గే అవకాశం ఎక్కువ, అలాంటి నీటిని కాడ సరిగా పీల్చదు. పులుపు కలిపితే పీల్చడం మెరుగవుతుంది, బాక్టీరియా కూడా కాడ నోరు మూయదు. కాడను నీళ్లలోనే ముంచి కత్తితో ఏటవాలుగా కోయాలి.

పూలు పూటంతా ఆపాల్సి వస్తే కరెంటు అక్కర్లేని చల్లగది ఒకటి ఉంది. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల్లో రూపొందించింది. నీడలో ఇటుకలతో రెండు వరసల గోడ కట్టి, మధ్యలో మూడు అంగుళాల సందు వదిలి, అందులో ఇసుక నింపుతారు. పొద్దున, సాయంత్రం ఇసుకను తడుపుతారు. పైన తుంగ చాపో గోనెపట్టానో కప్పుతారు. పొడి ఎండాకాలంలో లోపల బయటికంటే 10 నుంచి 15 డిగ్రీలు చల్లగా ఉంటుంది, తేమ కూడా నిలుస్తుంది. మేస్త్రీ అక్కర్లేదు, సిమెంటు కూడా అక్కర్లేదు. సిమెంటు ఊళ్లో ఈ మాట అనడం కొంచెం తమాషాగానే ఉంది. వానాకాలం ముసురులో మాత్రం ఇది అంతగా పని చేయదు, గాలి అప్పటికే తడిగా ఉంటుంది కనుక.

వాడనివీ ఉన్నాయి. బతుకమ్మలో పేర్చే గునుగు రోజుల తరబడి రంగు పోకుండా ఉంటుంది. దాని రేకులు పుట్టుకతోనే పొడిగా, కాగితంలా ఉంటాయి. నీరు లేని చోట మెత్తబడటానికి ఏముంది? కాగితం పూలవీ పువ్వు రేకులు కావు, రంగు పట్టిన ఆకులు. తంగేడు మాత్రం మామూలు పువ్వే, పేర్చిన పూటకే తల వాలుస్తుంది.

జాతర ముగిశాక గుడి వెనక నిర్మాల్యం కుప్పలు పడతాయి. వాడిన పూలలో సామాను సగం విడగొట్టి ఉంటుంది గనుక ఎరువు గుంటలో అవి ఆకు చెత్తకంటే త్వరగా మాగుతాయి. వానపాముల ఎరువుకూ బాగా పనికొస్తాయి. వేసేముందు దండల్లోని నైలాను దారం, ప్లాస్టిక్ జరీ, కొబ్బరి చిప్పలు ఏరేయాలి. పూలను పశువుల పేడతో పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తూ, పదిహేను రోజులకోసారి తిరగేస్తుంటే వానాకాలం తొలి దుక్కికి ఎరువు చేతికొస్తుంది.